కరెంటు పోతే కనిపించే అద్దం

అఖిలకు పరదాలంటే పడదు. ఆ విరోధం భూపాలపల్లిలో మొదలైంది.

నర్సింగ్ చదువు అయిపోయాక ఆమెకు మొదటి నౌకరీ అక్కడే ఒక చిన్నపిల్లల దవాఖానలో దొరికింది. నెలలు నిండకుండా పుట్టినవాళ్లను, బరువు తక్కువున్నవాళ్లను వెచ్చటి పెట్టెల్లో పడుకోబెట్టే గది ఆమెది. గదికి వరండా వైపు పెద్ద అద్దం ఉండేది. చుట్టాలను లోపలికి రానివ్వరు కాబట్టి వాళ్లు ఆ అద్దానికి ముక్కు ఆనించి చూసేవాళ్లు. లోపల సూది వేయాలన్నా గొట్టం మార్చాలన్నా పరదా వేయాలి. ఒకరోజు పొద్దున అఖిల ఒక బిడ్డకు ఒళ్లు తుడుద్దామని పరదా వేసింది. తుడవడం అయ్యాక పక్క పెట్టెలో బిడ్డకు సూది, ఆ పక్క బిడ్డకు పాలు, ఇట్లా పనిలో పని తగిలి పరదా అట్లాగే ఉండిపోయింది. బయట కూర్చున్న తాత దానికేసి చూసి చూసి, ఇక అయిపోయిందనుకొని ఊరికి ఫోన్ చేశాడు. అఖిల పరదా తీసేసరికి వరండాలో ఏడుపులు. గేటు ముందు మొగుళ్లపల్లి నుంచి వచ్చిన ట్రాలీ ఆటో నిండా మనుషులు.

బిడ్డ ఆవలించింది.

వచ్చినవాళ్లకు కాసేపు ఏం చేయాలో తోచలేదు. వాళ్లలో ఒకాయన, ఇంత దూరం ఊరికే వచ్చినట్టు కాకుండా, తాతను నాలుగు తిట్లు తిట్టి ఛాయ్ తాగి పోయాడు.

తర్వాత అఖిల ఇంటికి దగ్గరగా ఉంటుందని మానుకోటకు మారింది. మహబూబాబాద్ అని బోర్డుల మీద రాస్తారు గాని ఆ చుట్టుపక్కల అందరికీ అది మానుకోటే. వాళ్ల తండా కేసముద్రం దగ్గర. బాపు దేవ్‌సింగ్ అక్కడి మార్కెట్ యార్డులో హమాలీ. మిర్చి కాలంలో ఆయన ఇంటికి వచ్చాడంటే తండా సగం తుమ్మేది. యాడి, అంటే తల్లి, గంగాబాయికి మాత్రం బిడ్డ చేసే పని ఏమిటో పూర్తిగా అర్థం కాలేదు. "పొట్టి పొట్టి పిల్లలను చూసుకుంటది" అని తండాలో చెప్పేది. అది తప్పేమీ కాదు.

మానుకోటలో డాక్టర్ అమూల్య మేడం పిల్లల దవాఖాన నడుపుతుంది. అఖిలను పెట్టెల గదికి పెద్ద సిస్టర్‌ను చేసింది. ఇక్కడా అదే అద్దం, అదే పరదా, అవే గోలలు. ఒకసారి ఒక మేనమామ తలుపు సందులోంచి చెయ్యి దూర్చి పరదాను రాడ్డుతో సహా గుంజాడు. రాడ్డు పోయి ఆయా పెంటమ్మ నెత్తిన పడింది. పెంటమ్మకు ఏమీ కాలేదు. రాడ్డు వంగింది.

ఆ సంగతి జరిగిన కొన్నాళ్లకే అమూల్య మేడం హైదరాబాద్‌లో డాక్టర్ల మీటింగ్‌కు పోయింది. దిగిన హోటల్ గదిలో బాత్రూం గోడ అద్దానిది. మీట నొక్కితే తేటగా, మళ్లీ నొక్కితే పాలలాగా అవుతుంది. తిరిగి వచ్చాక మీటింగ్‌లో ఏం చెప్పారని అడిగితే మేడం సరిగ్గా జవాబు చెప్పలేదు. బాత్రూం గోడ గురించి మాత్రం చాలాసేపు చెప్పింది.

"పరద పీడ పోతది అఖిలా. మనం మీట నొక్కుడే."

జనగామలో శ్యాం అని ఒకతను అల్యూమినియం, అద్దాల షాపు పెట్టాడు, అతని దగ్గర ఆ రకం ఉందని తెలిసింది. మేడం కారులో ఇద్దరూ పోయారు. శ్యాం వాళ్లను కూర్చోబెట్టి, తలుపంత అద్దం ముందు నిలబడి మీట నొక్కాడు. అద్దం వెనుక గోడ మీదున్న దేవుడి క్యాలెండర్ కనిపించింది. మళ్లీ నొక్కాడు. క్యాలెండర్ మాయమైంది.

"లోపల సన్నటి పొర ఉంటది మేడం. కరెంటు పారితే ఆ పొరల ఉన్నయన్ని ఒక్కతీరుగ నిలబడ్తయి, వెలుగు సక్కగ అవతలికి పోతది. బంద్ జేస్తే చెల్లాచెదురైతయి, అద్దం తెల్లగైతది. గంతే."

"కరెంటు పోతే?" అంది అఖిల.

"మాకు ఇన్వర్టర్ ఉన్నది అక్కా. పోదు."

"మీకు పోదు. మాకు ఇన్వర్టర్ పెట్టెలకే, మిగతాది పోతది. ఒకసారి ప్లగ్గు పీకుండ్రి."

శ్యాం ప్లగ్గు పీకాడు. అద్దం పాలలాగా తెల్లబడింది. అఖిల దాన్ని కాసేపు చూసి మేడం వైపు తిరిగింది.

"ఇది పరదనే మేడం. గోడల బిగించిన పరద."

శ్యాం నొచ్చుకోలేదు. ఇంకో అద్దం చూపించాడు. ఇది ఎండ కోసం చేసింది. మీట నొక్కితే మెల్లమెల్లగా నీలంగా మారుతుంది, ఎండ వేడి లోపలికి రానివ్వదు, కానీ ఎంత ముదిరినా అవతలి మనిషి కనిపిస్తూనే ఉంటాడు. పడమటి గోడంతా అద్దమే పెట్టుకున్న ఆఫీసులకు బాగుంటుందన్నాడు. అద్దం మారేదాకా ముగ్గురూ ఎదురుచూశారు. మధ్యలో ఛాయ్ వచ్చింది. ఛాయ్ అయిపోయింది. అద్దం ఇంకా మారుతూనే ఉంది.

"మా పిల్లలు ఊపిరందకపోతే నీలమైతరు" అంది అఖిల. "అప్పుడు పిల్ల నీలమైందా, అద్దం నీలమైందా, మేం ఎట్ల జెప్పాలె?"

శ్యాం ఆ అద్దాన్ని లోపల పెట్టేశాడు.

ఇక మిగిలింది ఒకటే. మొదటి రకమే, కానీ ఉల్టా. కరెంటు పారితే తెలుపు, పోతే తేట. దాన్ని ఎవరూ అడగరని, తెప్పించాలంటే ఆలస్యమవుతుందని శ్యాం చెప్పాడు. ఇప్పుడున్న అద్దానికే పైన పొర అతికించొచ్చు, అది తేలిక అని కూడా చెప్పాడు. దానికి మేడమే అడ్డు చెప్పింది. పెంటమ్మ రోజంతా స్పిరిటు గుడ్డతో ఆ అద్దాన్ని తుడుస్తూనే ఉంటుంది, పొర అంచులు లేచిపోతాయి, రెండు అద్దాల మధ్యన పొర ఉన్నదే కావాలంది. అక్కడిదాకా ఇద్దరిదీ ఒకే మాట. ఏ రకం అన్న దగ్గర పేచీ వచ్చింది.

"కరెంటు పోయినప్పుడు తెల్లగుండుడే మంచిది" అంది మేడం. "మనం పిల్లకు గొట్టం వేస్తున్నప్పుడు కరెంటు పోయి అద్దం తేటైతే? బయట అందరి చేతులల్ల ఫోన్లే. వీడియో తీసి పెడ్తరు. పిల్లను పొడుస్తున్నరని పెడ్తరు."

"తెల్లగుంటే పిల్ల పోయిందనుకుంటరు మేడం. తలుపు పలగ్గొడ్తరు."

"చూస్తే పలగ్గొట్టరా?"

"చూస్తే మనం పని జేస్తున్నమని తెలుస్తది."

మేడం కారు తాళాలు వేలికి తిప్పింది. చివరికి, "ఆ తలుపు కాడ నిలబడేది నువ్వు. తిట్లు తినేది నువ్వు. నువ్వే చెప్పు" అంది.

అఖిల ఉల్టా రకమే చెప్పింది. తల్లులు పాలిచ్చే గదికి మాత్రం మామూలు రకం చెప్పింది. అక్కడ కరెంటు పోతే తెల్లగానే ఉండాలి. దాని మీద పేచీ లేదు.

అద్దం వచ్చింది, బిగించారు. మొదట్లో జనం పిల్లలను వదిలేసి అద్దాన్ని చూశారు. పక్కనున్న పళ్ల దవాఖాన వాళ్లు కూడా వచ్చి చూసి పోయారు. "ఇంకోసారి నొక్కు సిస్టరమ్మా" అని అడిగేవాళ్లు. ఒక ముసలాయన అది టీవీ అనుకున్నాడు. లోపల తన మనవడిని చూస్తూ, "ఇది ఇప్పటిదా, పొద్దటిదా?" అని పెంటమ్మను అడిగాడు. ఇప్పటిదే అని పెంటమ్మ చెప్పింది. ఆయన నమ్మినట్టు కనిపించలేదు.

ఎండాకాలం నడుమ జఫర్‌గఢ్ నుంచి సంగీత అనే ఆమె వచ్చింది. నెలలు నిండకముందే ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. అరచేతి మీద సరిపోయేంత పిల్ల. సంగీత పైఅంతస్తులో ఉన్న కాన్పుల దవాఖానలో పడుకొని ఉంది. ఆమె భర్త నరేశ్, అత్త లచ్చవ్వ వరండాలో అద్దం ముందు కాపురం పెట్టారు. లచ్చవ్వ ఎవరితోనూ మాట్లాడేది కాదు. అన్నం కూడా అద్దం వైపు తిరిగి తినేది.

ఆ మధ్యాహ్నం మేడం కింద ఓపీ చూస్తోంది. అఖిల పాలు కొలుస్తుంటే పెట్టె మీద మిషన్ మోగింది. నెలలు నిండని పిల్లలు అప్పుడప్పుడు ఊపిరి తీయడం మరిచిపోతారు. అరికాలు రుద్దితే గుర్తొస్తుంది. సంగీత బిడ్డ అట్లానే మరిచిపోయింది. అఖిల మేడంను పిలవమని పెంటమ్మకు చెప్పి, మీట నొక్కి, అరికాలు రుద్దింది. గుర్తు రాలేదు. వీపు మీద తట్టింది. పెదాలు నల్లబడుతున్నాయి. చిన్న మాస్కు మూతి మీద ఆనించి, దానికున్న రబ్బరు సంచి నొక్కడం మొదలుపెట్టింది.

బయట అద్దం తెల్లబడగానే లచ్చవ్వ లేచి నిలబడింది. నరేశ్ తలుపు మీద చెయ్యి వేశాడు. "సిస్టర్! ఏమైంది సిస్టర్?" మొదట మెల్లగానే అడిగాడు. తర్వాత తలుపు బాదాడు. గడియ ఊగింది.

అప్పుడే కరెంటు పోయింది.

పెట్టెలు, మిషన్లు ఇన్వర్టర్ మీద నడుస్తూనే ఉన్నాయి. అద్దాన్ని మాత్రం వరండా లైట్లతో కలిపి మామూలు లైన్‌కు ఇచ్చారు. అది తేటపడింది. అఖిల తల ఎత్తితే వరండా అంతా కనిపించింది. వరండాకు అఖిల కనిపించింది. దాచడానికి ఏమీ లేదు, మీట నొక్కినా పని చేయదు. మేడం చెప్పిందే నిజమైందని ఒక్క క్షణం అనిపించింది. ఆ అనిపించడం కూడా చేతులకు అడ్డం రాకూడదని తల దించుకొని, మధ్యలో ఒకసారి మళ్లీ వీపు తట్టి, సంచి నొక్కుతూ పోయింది.

తలుపు బాదడం ఆగింది.

నరేశ్ అద్దం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మనుషులు ఒకరి వెనక ఒకరు చేరారు. వెనకనుంచి ఒక పిలగాడు, వేరే వాళ్ల చుట్టం, ఫోన్ పైకెత్తాడు. లచ్చవ్వ వెనక్కి తిరిగి ఆ చేతి మీద ఒక్కటి వేసింది. ఫోన్ బండల మీద పడి చిట్లింది.

"సూత్తె సూడు. ఫోన్ల పట్టకు" అని మళ్లీ అద్దం వైపు తిరిగింది.

మేడం మెట్లెక్కి ఉరికి వచ్చేసరికి పిల్ల ఛాతీ తనంతట తానే లేచింది. పెదాల నలుపు తగ్గింది. నోరు తెరిచి ఏడ్చింది. అద్దం మందానికి ఆ ఏడుపు బయటికి వినపడలేదు. కానీ తెరిచిన నోరు అందరికీ కనపడింది. వరండాలో ఎవరో చప్పట్లు కొట్టి, ఇది చప్పట్లు కొట్టేది కాదేమోనని ఆపేశారు.

అఖిల పిల్లను మేడంకు అప్పజెప్పి, పాలిచ్చే గదిలోకి పోయి కూర్చుంది. అక్కడ అద్దం తెల్లగా ఉంది. ఎవరికీ కనపడకుండా ఏడ్చి, మొహం కడుక్కొని వచ్చింది.

వరండాలో లచ్చవ్వ ఆమెను ఆపింది. వచ్చినప్పటినుంచి మాట్లాడడం అదే మొదలు.

"నువ్వు మా పిల్లను కొట్టినవ్ గదా బిడ్డా?"

"కొట్టలేదవ్వా. ఊపిరి రావాలని తట్టిన."

"తట్టినవో కొట్టినవో. మంచిగనే కొట్టినవ్" అంది లచ్చవ్వ. ఆ మాట అని అఖిల చెయ్యి పట్టుకొని, చాలాసేపు వదలలేదు.

మరునాడే మేడం ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, అద్దాన్ని కూడా ఇన్వర్టర్‌కు కలపమంది. అఖిలకు నచ్చలేదు.

"అట్లైతే ఉల్టా రకం తెచ్చి లాభమేంది మేడం? నిన్న వాళ్లు చూసిండ్రు గనుకనే తలుపు మిగిలింది."

"నిన్న లచ్చవ్వ ఉన్నది గనుక వీడియో ఆగింది. రేపు లచ్చవ్వ ఉండదు. ఆ పిల్ల బతకకపోయుంటే? అందరు చూస్తుండంగ పోయుంటే?"

అఖిల దానికి జవాబు రాత్రి తండాలో అన్నం తింటూ కూడా వెతికింది, దొరకలేదు. అద్దాన్ని ఇన్వర్టర్‌కు కలిపేశారు. వారం తర్వాత అఖిల మేడం దగ్గరికి పోయి ఇంకోటి అడిగింది. మీట నొక్కేటప్పుడు ఆ పిల్ల తాలూకు ఒక్క మనిషిని, చేతులు కడిగించి, టోపీ గౌను వేసి, లోపల తలుపు పక్కన నిలబడనివ్వాలని. మేడం కుదరదంది. రోగాలొస్తాయంది. పుస్తకాలు తిరగేసింది. తోటి డాక్టర్లకు ఫోన్లు చేసింది. చివరికి, మాట్లాడకుండా నిలబడగలిగితే సరేనంది.

చాలామంది నిలబడగలిగారు. ఒక నాయిన మాత్రం సూది చూసి కళ్లు తిరిగి పడ్డాడు. ఆయనను బయటికి మోసుకుపోవడానికి ఇద్దరు చుట్టాలు లోపలికి రావాల్సి వచ్చింది. మేడం ఆ రోజు అఖిలతో సాయంత్రం దాకా మాట్లాడలేదు.

వానలు మొదలయ్యాక లచ్చవ్వ, సంగీత పిల్లను చూపించుకోవడానికి వచ్చారు. పిల్లకు బుగ్గలు వచ్చాయి. అఖిల ఎత్తుకొని పేరేమిటని అడిగింది.

"నీ పేరే పెడ్దామన్న బిడ్డా" అంది లచ్చవ్వ. "మా కోడలు ఫోన్ల జూసి ఏందో పెట్టింది. నాకైతే నోరు తిరుగుతలేదు. నేను పిట్టా అనే పిలుస్తున్న."

సంగీత సిగ్గుపడి పేరు చెప్పింది. అఖిలకూ ఒకసారికి నోరు తిరగలేదు. పిల్లను బరువు మిషన్ మీద పడుకోబెట్టింది. పిల్ల కాళ్లు జాడించి మిషన్ మీది కాగితాన్ని చింపింది.