ఒక్క హైడ్రోజన్ తక్కువ

1999లో నేను రాజమండ్రిలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. ఆ రోజు ఎమ్మెస్సీ ప్రాక్టికల్ పరీక్ష. అణువులో ఏ రకం హైడ్రోజన్లు ఎన్నున్నాయో చెప్పే ఎన్.ఎం.ఆర్. పరీక్షలో తేలిన అంకెలు ఇస్తారు, వాటినిబట్టి అణువు బొమ్మ గీయాలి. ఇరవై మార్కులు. నిడదవోలు నుంచి రోజూ రైల్లో వచ్చే సత్యవతి పావుగంటలో ఇథైల్ బెంజోయేట్ సరిగ్గా గీసేసింది. తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టి ఆగిపోయింది. నేనూ కూడి చూశాను. పేపర్లో ఇచ్చిన ఫార్ములాలో పది హైడ్రోజన్లు. కింద ఇచ్చినవి ఐదు, ఒకటి, మూడు, మొత్తం తొమ్మిదే. రెండు ఉండాల్సిన చోట ఒకటి అచ్చయింది.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారికి మెల్లగా చెప్పాను.

"నిజమేనండి. కానీ పేపరు యూనివర్సిటీది. మనం పెదవి విప్పకూడదు," అన్నారాయన.

నేను చూస్తుండగానే సత్యవతి ఆ బొమ్మను అడ్డంగా కొట్టేసింది. గంట కొట్టేదాకా ఏవేవో గీసి, అన్నీ కొట్టేసింది. ఆ బల్ల పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాను.

బయటికొచ్చాక, "మొదటిదే సరైందమ్మా, ఎందుకు కొట్టేశావు?" అని అడిగాను.

"లెక్క కలవకపోతే తప్పు పేపర్లో కాదు, మీలో వెతకండి అని మీరే చెప్పారు కదండీ, మేడమ్."

ప్రతిదీ తేదీ వేసి రాసుకునే నేను, ఆ మాట ఇంకా ఎంతమంది పిల్లలకు చెప్పానో మాత్రం ఎక్కడా రాసుకోలేదు.