బోలు స్తంభం మీది గది

నేను రిటైరయ్యే ముందు ఏడాది, వేసవి మొదట్లో, ఫిల్మ్ నగర్‌లో ఒక పాత మేడను ఎడిటింగ్ స్టూడియోగా మార్చే పనికి స్ట్రక్చరల్ ఇంజనీరుగా నన్ను పిలిచారు. ఇల్లు బరువు మోస్తుందా లేదా తేల్చి సంతకం పెట్టడం నా పని. ఒకప్పటి నిర్మాత ముచ్చటపడి కట్టుకున్న ఇల్లది. ఆయన పోయాక ఏళ్ళ తరబడి షూటింగులకు అద్దెకిచ్చి, బాగోగులు గాలికొదిలేశారు. వచ్చిన ప్రతి ఆర్ట్ డిపార్ట్‌మెంటూ ఒక తలుపో తోరణమో తగిలించి పోయింది. ఏది ఇల్లో ఏది సెట్టో తేల్చేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

నిర్మాత భార్య శేషారత్నం గారు కింద వంటింటి పక్క గదిలో ఉండేవారు. పనికి కొడుకు ఒప్పుకున్నా ఆవిడ ఒక షరతు పెట్టారు. "పైన మూల గది ఆయనది. దాని జోలికి మాత్రం రావద్దండి." సరేనని మాటిచ్చాను.

పాత కట్టడంలో ముందుగా స్తంభాలను చిన్న సుత్తితో తట్టి చూస్తాం. గట్టి కాంక్రీటైతే ఖంగుమంటుంది. ఆ మూల గది కిందున్న స్తంభం డొల్లగా మోగింది. రహమత్ నగర్ మేస్త్రీ యాదయ్య చేత పూత చెక్కిస్తే లోపల చెక్క ఫ్రేము, దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్. ఎవడో మహానుభావుడు కెమెరాకు అడ్డమని అసలు స్తంభం తీసేసి, తర్వాత ఈ బొమ్మను నిలబెట్టి పోయాడు.

"ఏంది సార్ గిది! మరి పైన గది దేని మీద నిలవడ్డది?" అన్నాడు యాదయ్య.

అప్పుడే పైన అడుగుల చప్పుడు. నెమ్మదిగా, సరిగ్గా ఆ మూలవైపే.

"అమ్మా, కదలకండి! అక్కడే ఆగండి!" అని గొంతు చించుకున్నాను.

"నేనిక్కడే ఉన్నానండీ." శేషారత్నం గారు నా వెనకే నిలబడి ఉన్నారు, చేతిలో మజ్జిగ గ్లాసుతో. "పైన నడిచేది ఆయన. సీను కుదరకపోతే మధ్యాహ్నం పూట అలాగే మూలదాకా వెళ్ళి వెనక్కొస్తారు."

అడుగులు నిజంగానే వెనక్కి మళ్ళాయి. యాదయ్య సుత్తి పడేసి గేటు దాకా పరుగెత్తాడు. నేను మేడెక్కి చూశాను. గదికి తాళం వేసే ఉంది.

ఆ సాయంత్రమే స్లాబు కింద జాకీలు బిగించి, తర్వాత ఉక్కు స్తంభం నిలబెట్టాం. బరువు దాని మీదికి రాగానే చప్పుడు ఆగిపోయింది. ఆధారం లేని స్లాబు ఎండకు సాగి కుంగడం వల్ల వచ్చిన శబ్దమని రిపోర్టులో రాశాను. కొడుకు మహా సంతోషించాడు.

పని పూర్తిచేసి అప్పగించిన రోజు ఆవిడ హాల్లో కుర్చీ వేసుకుని పైకప్పుకేసి చూస్తూ కూర్చున్నారు. తాళం కూడా తియ్యలేదమ్మా, మాట నిలబెట్టుకున్నాను అన్నాను.

"గది ముట్టుకోలేదు, నిజమేనండి. ఆయన్నే పంపించేశారు" అన్నారు. నాకు చాలా బాధేసింది.

మళ్ళీ పిలిచినా అక్కడ ఆ స్తంభమే పెడతాను. లేకపోతే ఆ కప్పు ఎవరో ఒకరి నెత్తిన పడేది. కానీ ఆ తర్వాత ఏ పాత ఇంటికి వెళ్ళినా, సుత్తి బయటికి తియ్యకముందే, ఇక్కడ ఏమేం వినిపిస్తాయని ఇంట్లోవాళ్ళని అడిగేవాణ్ణి. కుంగే స్లాబు ఒకవైపే కుంగుతుంది. ఆ చప్పుడు మూలదాకా వెళ్ళి వెనక్కి ఎందుకొచ్చిందో మాత్రం నా రిపోర్టులో లేదు.