కూరలో మానేసిన ఉప్పు

జాలరిపేటలో ఎల్లాజీ పొద్దున్న చద్దన్నం తింటే పక్కన కాల్చిన ఎండు కానాగంత చేప ఉండాల్సిందే. 2004 ఏప్రిల్లో, మే ఆఖరు దాకా ఉండే చేపల వేట నిషేధం మొదలయ్యాక, పేటకొచ్చిన వైద్య శిబిరంలో అతని బీపీ నూట డెబ్బై అని తేలింది. ఈ జబ్బు కార్లలో తిరిగేవాళ్లకే కాదు, ఒళ్లొంచి పనిచేసేవాళ్లకీ గుండెకు ముప్పేనని కొత్త పరిశోధనలు చెబుతున్నాయని డాక్టరు వివరించాడు. మాత్రలిచ్చి, ఉప్పు తగ్గించమన్నాడు.

ఎల్లాజీ వేటకెళ్లే బోటును నడిపే సరంగు అప్పలరాజు, అతని బావమరిదే.

“నిషేధం అయిపోయేలోగా బీపీ దిగకపోతే నిన్ను బోటెక్కించను బావా. నడిసంద్రంలో నువ్వు పడిపోతే డాక్టర్ని ఎక్కడ్నుంచి తెత్తాను?” అనేశాడు.

వేట తప్ప మరో పని తెలియని ఎల్లాజీకి దిగులు పట్టుకుంది. మాత్ర ఒక్కటీ మానలేదు. భార్య నూకాలు కూరల్లో ఉప్పు వేయడం మానేసింది. అయినా మూడు వారాలకి బీపీ నూట యాభై దగ్గరే ఆగింది.

ఎందుకో చూద్దామని ఇంటికొచ్చిన నర్సు సూర్యకళ అతని కంచంలోకి తొంగి చూసింది.

“ఇదేటి మావా?”

“సేపమ్మా. ఉప్పు మానీమన్నారు గానీ సేప మానీమన్నేదు కదా!”

“ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన సేప కాదేటి?”

నూకాలు పకపకా నవ్వింది. ఊరేసేది తనే మరి.

“నా సేత్తో నానే ఏసిన ఉప్పు. నాకే తట్టనేదు సూడు!”

ఆ పూట నుంచి ఇంట్లో పచ్చిచేప పులుసే. మే ఆఖరుకి బీపీ నూట ముప్పై నాలుగు. జూన్ ఒకటిన ఎల్లాజీ బోటెక్కాడు.