కుండ పాట ఆగిన సాయంత్రం

ఈ సంగతి నేను ఎప్పుడు ఎత్తినా మావాళ్ళు మాట మార్చేస్తారు. పెళ్ళిలో ఎత్తితే ఇంకో గరిటె వడ్డిస్తారు, చావింట్లో ఎత్తితే ఇప్పుడా అంటారు. ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా చివరిదాకా వినలేదు. అందుకే రాస్తున్నాను. కాగితం మధ్యలో లేచి వెళ్ళిపోదు.

ఎనభైల మొదట్లో సముద్రం ఒడ్డున ఉన్న మా వీధికి ఇంకా కరెంటు రాలేదు. నేను పోర్టులో కలాసీగా చేస్తూ ఒక టేపు రికార్డరు, చిన్న యాంప్లిఫయరు కొనుక్కున్నాను. స్పీకరుని మట్టికుండ మూతి మీద బిగించాను. అలా చేస్తే పాటకి బరువు వస్తుంది. వీటన్నిటినీ నడిపేది ఒక పాత లారీ బ్యాటరీ. హార్బరు దగ్గర షాపులో ఛార్జింగు పెట్టించి, సైకిలు వెనక కట్టుకుని తెచ్చేవాడిని.

మా అక్క మొగుడు లారీ డ్రైవరు. రెండిళ్ళ అవతలే ఉండేవాడు. నా పాట మొదలవగానే అరుగు మీంచి అనేవాడు: "బావా, నీ కుండ పాడతంటే సేపలన్నీ ఒరిస్సా ఎల్లిపోతన్నాయి. మీ తమ్ముడికేటి మిగుల్తాది?" వీధంతా నవ్వేది. ఆ నవ్వులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి, ఎవరెవరివో కూడా.

తమ్ముడు మా నాన్న తెప్ప మీద వేటకి వెళ్ళేవాడు. ఆ రోజు తెల్లవారకముందే ఒక్కడే వెళ్ళాడు. మధ్యాహ్నానికి రావాల్సినవాడు రాలేదు. గాలి పూర్తిగా పడిపోయింది. సన్నటి వాన పొగలా కమ్ముకుంది. ముందు కొండ కనపడకుండా పోయింది, తరవాత లైట్ హౌసు, తరవాత మా ఇంటి ముందు అలలు కూడా. వాటి చప్పుడు మాత్రం పెద్దదవుతోంది. మావాళ్ళు కొండని చూసి ఒడ్డు పోల్చుకుంటారు. కొండ కనపడకపోతే తెప్ప పోర్టు వైపు రాళ్ళ మీదికి పోతుంది.

అమ్మ ఒడ్డున నిలబడి పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకుంది. అప్పుడు నాకు కుండ గుర్తొచ్చింది. దాన్ని అరుగు మీద సముద్రం వైపు తిప్పి పెట్టి, బ్యాటరీకి గోనెపట్టా కప్పి, సౌండు మొత్తం పెంచాను. తమ్ముడు రోజూ వినే క్యాసెట్టే.

ఛార్జింగు పెట్టించి వారం దాటింది. కాసేపటికి పాడే ఆవిడ గొంతు మగగొంతులా బరువెక్కింది. బ్యాటరీని కాసేపు వదిలేస్తే మళ్ళీ కొంచెం పలుకుతుంది. అందుకని ఆపాను.

"ఆపీకు నాయనా," అంది అమ్మ నా చెయ్యి పట్టుకుని. "ఆడు ఇంటన్నాడేమో."

"ఆపకపోతే మొత్తం సచ్చిపోద్దమ్మా."

ఆ మాట నోటివెంట వచ్చాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

బావ లారీ వీధి చివర నిలిపి ఉంది. దాని బ్యాటరీ కొత్తది. పరిగెత్తుకెళ్ళి తలుపు కొట్టాను.

"బావా, నీ లారీ బేటరీ ఇయ్యి. తమ్ముడు రాలేదు."

లోపలినుంచి అక్క పలికింది. "పడుకున్నాడ్రా. జొరం. లేపితే తిడతాడు."

"తిడితే తిట్టనీ. లేపక్కా."

"ఓనరుకి తెలిస్తే పని తీసెత్తాడ్రా."

కిటికీ సందులోంచి చూశాను. లోపల చీకట్లో బీడీ నిప్పు ఒకసారి ఎర్రగా వెలిగి తగ్గింది. మా అక్క బీడీ తాగదు.

తిరిగొచ్చి టేపు పెట్టాను. ఒక చరణం పాడి మూలిగింది. ఆపాను. చెవులు రిక్కించాను. అలలే తప్ప ఏమీ లేదు. మళ్ళీ పెట్టాను. ప్రతిసారీ పాట పొట్టిదవుతోంది, మధ్యలో ఆపాల్సిన సమయం పెరుగుతోంది. చివరికి క్యాసెట్టులో చక్రాలు కదలలేదు. అమ్మ ఇత్తడి కంచం తెచ్చి గరిటెతో కొట్టడం మొదలుపెట్టింది. అది మా వీధి చివరికే వినపడదని ఇద్దరికీ తెలుసు.

దీపాలు పెట్టే వేళకి రాళ్ళ దగ్గరినుంచి ఎవరో కేకేశారు. తెప్ప విడిపోయి దుంగలు తేలుతున్నాయి. తమ్ముడి కుడి మోకాలు దుంగకీ రాయికీ మధ్య నలిగిపోయింది.

ఆసుపత్రిలో వాడు నాతో అన్నాడు: "పాట ఇనిపిస్తంటే అటే తోసుకొచ్చానన్నా. ఆగిపోగానే గుండె జారిపోనాది. మల్లీ ఇనిపించింది గానీ ఈసారి ఎనక నించి. ఎప్పుడు తిరిగిపోనానో తెల్లేదు. ఆ తరవాత మరి ఇనిపించలేదు."

ఆ మోకాలితో వాడు మళ్ళీ తెప్ప ఎక్కలేదు. ఒడ్డున కూర్చుని ఇతరుల వలలు బాగుచేస్తాడు. ఇప్పటికీ ఎక్కడైనా పాట మధ్యలో ఆగితే నేను సముద్రం వైపు తిరిగి చెవులు రిక్కిస్తాను. బావని అడిగితే ఎప్పుడూ ఒకటే మాట: "బతికొచ్చాడు కదేటి బావా. ఇంకేటి నీ గోల?"

బతికొచ్చాడు. నాకు తెలుసు. నేను అడిగేది అది కాదు. జ్వరమైతే జ్వరమని చెప్పు, ఓనరంటే భయమైతే భయమని చెప్పు, ఒప్పుకుంటాను. కానీ బావా, ఆ బీడీ ఎవరు తాగారు? తమ్ముడి పక్కన, ఆ వలల మీదే కూర్చుని, వాడు వినేటట్టు చెప్పు.