అవ్వ వేసిన వేలిముద్ర

మా నాచారం ఇంటి పై వాటాలో ఉండే ఆయన అసెంబ్లీ ఎన్నికల్లో నిలబడతానన్నప్పుడు నేను పగలబడి నవ్వాను. నాది మొదటినుంచీ నోటి దురుసే. ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పినవాణ్ణి, ఏదైనా తేడాగా కనిపిస్తే ఊరుకోలేను. ఆయన పార్టీకి ఉన్నది ఒకటే కోరిక. ముసలితనాన్ని ఆపే మందుల కోసం సర్కారు పరిశోధన చేయించాలి. రోడ్లు, నీళ్లు, ఇళ్ల స్థలాలు, ఏ మాటా లేదు.

"ముందు మన వీధి మురుగు మోరీ బాగుచేయించవయ్యా, తర్వాత ముసలితనం సంగతి చూద్దువుగాని," అన్నాను.

"మోరీకి మస్తుమంది ఉన్నరు సారు. దీనికే ఎవ్వరు లేరు," అన్నాడు.

ఆయన ఇక్కడే ఒక మందుల కంపెనీలో, మందులు పరీక్షించే ఎలుకల గది చూసుకుని రిటైరైన మనిషి. ముసలి ఎలుకలు తిండి దాకా నడవలేక మధ్యలోనే కూర్చుండిపోవడం రోజూ చూశాడట. ఎలుకల ముసలితనం చూసి ఎన్నికల్లో నిలబడ్డ మనిషిని నేను ఇంకొకర్ని ఎరగను.

గుర్తింపు లేని పార్టీ కాబట్టి నామినేషన్ మీద మా ఉప్పల్ నియోజకవర్గం ఓటర్లు పదిమంది సంతకాలు పెట్టాలి. నన్ను అడిగాడు. నవ్వులపాలు కావడం ఇష్టంలేక పెట్టనన్నాను. పాపం, ఆయన ఒక పొరపాటు చేశాడు. ఈ పార్టీ అవసరం ముసలివాళ్లకే కదా అని, పోస్టాఫీసు ముందు పింఛను కోసం నిలబడ్డవాళ్ల దగ్గరికి కాగితం పట్టుకుని వెళ్లాడు. ముసలితనమే లేకుండా చేస్తామనగానే లైనంతా మీద పడింది. "అంటే మా పింఛను బంద్ జేస్తవా?" అని ఒకామె చేతికర్ర ఎత్తిందట. మర్నాటికి ఆ మాట పీర్జాదిగూడ దాకా పాకింది. ఎంత నచ్చజెప్పినా ఒక్కరూ నమ్మలేదు.

ఆఖరి రోజుకు తొమ్మిది సంతకాలే ఉన్నాయి, అన్నీ ఆయనతో కంపెనీలో పనిచేసినవాళ్లవే. పదో మనిషిగా మా వీధి మలుపులో ఆకుకూరలమ్మే అవ్వ వస్తానంది. ఆమెకు రాయడం రాదు. వేలిముద్ర అయితే ఎన్నికల అధికారి ఎదుటే వేయాలి. మధ్యాహ్నం మూడు దాటితే తీసుకోరు.

"సంతకం ఎట్లాగూ పెట్టరు, జర మీ కార్ల అవ్వనన్న తీస్కరండి సారు," అన్నాడు. కాదనలేకపోయాను.

ఎన్నికల ఆఫీసు మెట్లెక్కడానికే అవ్వకు చాలాసేపు పట్టింది. ఒక్కో మెట్టు మీదా మోకాలు పట్టుకుని ఆగింది. పైకి చేరేసరికి రెండున్నర దాటింది. అధికారి సిరా ప్యాడ్ ముందుకు జరిపాడు. అవ్వ కొంగుతో బొటనవేలు తుడుచుకుంటూ, "సారూ, నా పింఛను ఈ నెల నుంచే ఆగుతదా, వచ్చే నెల నుంచా?" అని అడిగింది.

అధికారికి అర్థం కాలేదు. మా పై వాటా ఆయన కంగారుపడ్డాడు. "అవ్వా, పింఛను ఎటు పోదని చెప్పిన గద!"

"ఎట్ల పోదు బిడ్డా? ముసలోళ్లే లేకుంటే ఇంకెవలికిస్తరు?" అంది అవ్వ, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "పోతే పోనియ్. నా మనుమరాలి మోకాళ్లు గిట్ల గావొద్దు."

వేలు సిరాలో అద్ది కాగితం మీద గట్టిగా ఒత్తింది.

ఆకుకూరలు అమ్ముడుపోని రోజు ఆమె పొయ్యి వెలిగేది ఆ పింఛనుతోనే. అది పోతుందని నిజంగా నమ్మి, ఆ మోకాళ్లతో అన్ని మెట్లెక్కి వచ్చి వేలు ఒత్తింది. అంత పెద్ద మనసును అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. నేను పెట్టని సంతకం గుర్తొచ్చి తలెత్తలేకపోయాను. పెట్టి ఉంటే నాకు పోయేదేముంది?

ఆయన ఓడిపోయాడు. వచ్చిన కాసిని ఓట్లలో ఒకటి నాది.

ఇప్పటికీ పింఛను తెచ్చుకున్న రోజు అవ్వ మా గేటు దగ్గర ఆగుతుంది. కొంగుముడి చూపించి దిగులుగా అంటుంది:

"ఈ నెల గూడ ఇచ్చిన్రు సారు. ఆ మందు ఇంక రాలే గావచ్చు."