పాప పెరిగిన కళ్ళు

ఎర్రబోరులో బుల్లమ్మవి తేనె రంగు కళ్ళు. మిగతా అందరివీ నల్లని కళ్ళు. నలుపులో నలుపు పెరిగినా తరిగినా ఎవరికీ తెలియదు. బుల్లమ్మ కంట్లో మాత్రం నడిమి పాప ఆవగింజంత అయినా, మినపగింజంత అయినా, ఎదుటి మనిషికి ఇట్టే కనిపించేది. ఆమె కష్టమంతా అక్కడే మొదలైంది.

ఇష్టమైన ముఖం ఎదురుపడితే మనిషి కంటిపాప విచ్చుకుంటుంది. మాటను మింగవచ్చు, పెదవిని బిగబట్టవచ్చు. పాపను ఆపడం ఎవరి చేతిలోనూ లేదు. అందువల్ల బుల్లమ్మకు ఎవరంటే ఇష్టమో ఊరందరికీ తెలిసిపోయేది. వయసులో ఉన్నప్పుడు అది వేళాకోళం. "రామయ్య బావ వస్తుండు, దీని కళ్ళు సూడండే!" అని మిరప చేలో కూలి ఆడవాళ్ళు కేకలు పెట్టేవారట. ఆ రామయ్యనే చేసుకుంది. శబరి వరదలో పడవ తిరగబడి అతను పోయాడు. పిల్లలు లేరు. చెల్లెలు పురిట్లో చనిపోతే దాని కూతురు వెంకమ్మను ఇప్పపూలు ఏరి, కూలి చేసి పెంచింది. ఊళ్ళోనే భూషణానికి ఇచ్చి పెళ్ళి చేసింది. వాళ్ళకు ఆడపిల్ల పుట్టింది. సారలమ్మ అని పేరు పెట్టారు.

ఆ పసిగుడ్డును మొదటిసారి ఎత్తుకున్నప్పుడు బుల్లమ్మ కళ్ళలో తేనె రంగు సన్నని అంచుగా మిగిలి, తక్కినదంతా నలుపైపోయింది. మంత్రసాని చూసి నవ్వింది. భూషణం నవ్వలేదు.

ఆ వానాకాలం పిల్ల చిక్కిపోసాగింది. వెంకమ్మకు విడవని జ్వరం, రొమ్ములో పాలు లేవు. కారణం ఇంట్లోనే మంచం మీద పడుకుని ఉంది. భూషణం ఆ కారణాన్ని వదిలేసి ఇంకో కారణం పట్టుకున్నాడు.

"ముసల్దాని కంట్ల పాప పెరుగుతుంటే నా ఇంట్ల పాప తరుగుతాంది" అన్నాడు.

రెండింటికీ ఒకే మాట పెట్టుకున్న భాష మనది. ఇంకెక్కడైనా ఈ మాట పుట్టేది కాదు. ఇక్కడ మాత్రం పుట్టింది, సంత నాటికి ఊరంతా పాకింది. బుల్లమ్మ వస్తుంటే తల్లులు పిల్లల ముఖాలకు కొంగు కప్పుకున్నారు. వెంకమ్మ కూడా తలుపు సందులోంచే మాట్లాడింది.

"నువ్వు రాకు పెద్దమ్మా. వస్తే నన్ను గూడ ఎల్లగొడతడు."

భూషణం వడ్డె దగ్గరికి పోయాడు. వడ్డె అంటే ఊరి వేల్పులకు కొలుపులు చేసే పూజారి; దొర్ల తెగ పెద్ద, పేరు పొజ్జా. అతనికి ఈ పని మీద మనసు లేదు.

"పాలు లేక ఎండుతాంది పిల్ల. మేకపాలు పట్టండ్రి" అన్నాడు.

"మేక సంగతి తర్వాత. ముందు కన్ను సంగతి తేల్చు."

తేల్చే పద్ధతి ఇది: ఆమెను కూర్చోబెట్టి ఒక్కొక్క ముఖాన్నీ ఎదుటికి తెస్తారు. చివర పిల్లను తెస్తారు. పిల్లను చూసి పాప పెరిగితే ఆమె దాన్ని తింటున్నట్టే. ఊరు విడిచిపోవాలి. పెరగకపోతే పిల్లను ఆమె ఒళ్ళోనే పెడతారు.

"చీకట్లో అందరి పాపా పెరుగుతుంది. అందరివీ చూస్తారా?" అని, ఊళ్ళో నాలుగు అక్షరాలు చదువుకున్న నేను అడిగాను.

"కాయితాలు మేసే మేక అరుస్తాంది, ఇనుండ్రి!" అన్నాడు భూషణం. అందరూ నవ్వారు. మా ఊరు హిందీ రాష్ట్రంలోది. సర్కారు కచేరీలో చెప్పుకుందామంటే అక్కడ హిందీలో అడుగుతారు. బుల్లమ్మకు వచ్చిన హిందీ సంతలో ఉప్పు కొనడానికి సరిపోయేంతే.

ముందురోజు ఆమె గుమ్మంలో కూర్చుని పిల్లిని చూస్తోంది.

"ఎండల దీని పాప గీతంత అయితది, సూసినవారా అబ్బాయ్?"

ఏం తలపెట్టిందో అర్థమైంది. "కళ్ళు పోతయ్ అత్తా."

"పోనీరా. ఊరు దాటిస్తే ఈ కళ్ళతోటి సెట్లను సూసుకుంట బతకాల్నా?"

మర్నాడు వాన తెరిపి ఇచ్చి ఎండ కాసింది. పొజ్జా పాక నీడలో చాప వేయించాడు. బుల్లమ్మ కూర్చోలేదు.

"సూర్యుడి ఎదురుగ కూసుంట. నాది తప్పయితే ఆయనే సూసుకుంటడు."

అంతకన్నా పెద్ద ప్రమాణం ఎవరికి తెలుసు? ఒప్పుకున్నారు. ఆమె ఎండకు ఎదురు కూర్చుని, తల ఎత్తి, రెప్ప వేయకుండా సూర్యుణ్ణే చూసింది. చెంపల మీద నీళ్ళు కారుతూనే ఉన్నాయి. పశ్చాత్తాపం అనుకున్నారు. పక్కనుంచి ఒక్కొక్కరూ ముఖం చూపి పోయారు. చివర వెంకమ్మ పిల్లను తెచ్చింది. పిల్ల మూలిగింది. బుల్లమ్మ తల దించలేదు, సూర్యుణ్ణే చూసింది.

పొజ్జా వంగి చూశాడు. "ఆవగింజంతే ఉంది."

భూషణం తనూ వంగి, ఆమె ఊపిరి తగిలేంత దగ్గరగా చూశాడు. పాప కదల్లేదు.

"తీస్కో బుల్లమ్మా" అని పొజ్జా పిల్లను ఒళ్ళో పెట్టాడు. భూషణం వైపు తిరిగి, "ఇగనన్న మేకపాలు పట్టు" అన్నాడు.

మేకపాలతో పిల్ల కోలుకుంది. అన్న మాటను ఎవరూ వెనక్కి తీసుకోలేదు. బుల్లమ్మ చూపు నడుమ మాత్రం మర్నాటికి ఒక మసి మచ్చ నిలిచింది. అది పోలేదు. జుట్టు కనపడుతుంది, చెవులు కనపడతాయి, ముఖం ఉండాల్సిన చోట మసి. పిల్లను చూడాలని తల పక్కకు తిప్పితే మచ్చ కూడా వెంట తిరుగుతుంది. దాంతో ఆమె ఎవరినీ నేరుగా చూడడం మానేసింది. దిష్టి పోయిందని ఊరు సంతోషించింది.

ఇప్పుడు సారలమ్మ నడుస్తోంది. మొన్న తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి బుల్లమ్మ ఒళ్ళోకి ఎక్కి, ఆమె ముఖంలోకి చూసి నవ్వింది. నేను పక్కనే ఉన్నాను. పిల్ల కళ్ళలో పాప విచ్చుకుంది. చుట్టూ తేనె రంగు సన్నని అంచుగా మిగిలింది. పుట్టినప్పటి మబ్బు రంగు పోయి ఇలా తేలింది. ఈమధ్య భూషణం ఆ పిల్లను ఎత్తుకుని వెలుతురు వైపు తిప్పి తిప్పి చూస్తున్నాడు.

బుల్లమ్మ వేళ్ళతో పిల్ల ముక్కునూ కనుబొమలనూ తడిమింది.

"దీని కళ్ళు ఎట్లున్నయిరా?"

"నల్లగున్నయ్ అత్తా."

"బతికింది" అని పిల్లను దగ్గరికి లాక్కుంది.