ఆలస్యంగా పడిన ఒక్క చప్పట

ఆ ఒక్క చప్పట ఎందుకు ఆలస్యంగా పడింది? పన్నెండేళ్లుగా నాలో తిరుగుతున్న ప్రశ్న. జవాబు చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి మొన్న శుక్రవారం వెళ్లిపోయారు. "టీచరమ్మా, చాచా ఇంక ల్యాడు. నమాజుకు లేపితే లేయలే," అని ఆయన గదిలో ఉండే రాయచోటి అతను ఫోన్ చేశాడు.

చాచా మా స్కూలు బస్సు డ్రైవరు. ఇక్కడ కువైట్‌లో, పొద్దున్నే సాల్మియాలో అందరికంటే ముందు ఎక్కేది నేను. పిల్లలు ఎక్కేదాకా బస్సులో మేమిద్దరమే. సిగ్నల్ పడితే ఆయన వేళ్లు స్టీరింగ్ మీద తాళం వేసేవి. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే చెప్పారు: కుర్రతనంలో, మద్రాసులో, ఒక డిస్కో పాటకు చప్పట్లు కొట్టారట. అవును, చప్పట్లే. కడప బ్యాండుమేళంలో డ్రమ్ము కొట్టే ఆయన్ని ఎవరో స్టూడియోకు తీసుకెళ్లారు. నలుగురు ఒకే మైకు చుట్టూ నిలబడి కొట్టాలి. పాడేవాళ్లు, వాయించేవాళ్లు అందరూ ఒకేసారి. ఒక్కరు తప్పినా మళ్లీ మొదటి నుంచి. ఎన్నోసారికో అంతా కుదిరింది, రెండో చరణం ముందు ఈయన చప్పట ఒక్కటి వెనక పడింది తప్ప. పాడే అమ్మాయి అప్పటికే అలిసిపోయింది. "ఉండనీండి, బాగుంది," అన్నారట సంగీత దర్శకుడు.

ఆ ఒక్క పాట కోసమే వేసిన చిన్న రికార్డు విడుదలైన రోజు, చాచా కడపలో రికార్డుల అంగడి ముందు నిలబడ్డారు.

"లౌడ్‌స్పీకర్లో పెట్టినారమ్మా. పిల్లకాయలు రోడ్డు మీద ఎగుర్తాండారు. ఆ దెబ్బ నాదిరా అంటి. చప్పట్లకు గూడా పేరుంటాదా సామీ అని అందరూ నగిరి."

అట్ట మీద ఆయన పేరు లేదు. కువైట్‌కు తెచ్చుకున్న రికార్డును యుద్ధమొచ్చినప్పుడు గదిలోనే వదిలేసి బయటపడ్డారు. నేను దాన్ని ఎన్నడూ వినలేదు. ఆ పాటలో ఆయన ఉన్నారనడానికి గుర్తు ఆ ఆలస్యమొక్కటే.

"పొరపాటా చాచా, కావాలనే కొట్టారా?"

ఒకసారి, "ఆకలమ్మా, పొద్దున్నించీ టీ నీళ్లే," అన్నారు. ఇంకోసారి, "అందరితో పాటు కొడితే నాది యాదని ఎట్ల తెలుస్తాది?" మరోసారి, "యల్లా, పోదాం, పిల్లకాయలు కాసుకోనుంటారు," అని గేరు మార్చారు.

పోయినేడు ఆ పాటకు మెరుగులు పెట్టి మళ్లీ విడుదల చేశారు. ఫోన్లో కనపడగానే, ముందు నేనైనా వినకుండా, సంబరంగా బస్సులో పెట్టేశాను. చప్పట్లన్నీ యంత్రానివి. గీత గీసినట్టు. రెండో చరణం వచ్చేసింది. చాచా వేలు మాత్రం స్టీరింగ్ మీద ఒంటరిగా, ఆలస్యంగా పడింది.

"బాగా తుడిచినారు," అన్నారు. కాసేపటికి, "నా ఫోనుకు పంపమ్మా."

ఆ తర్వాత సిగ్నళ్ల దగ్గర ఆయన వేళ్లు కదలగా నేను చూడలేదు.

ఎందుకు వినిపించానా అని కుములుతూనే నిన్న వాళ్ల గదికి పరామర్శకు వెళ్లాను.

"మీరు పంపిన పాట దినామూ పెడ్తాండె టీచరమ్మా," అన్నాడు ఆ రాయచోటి అతను. "ఆ తావుకొస్తే తనే కొడ్తాండె. ఒక్క దినమన్నా సరింగా కొట్టలే. మేం నగుతాంటిమి. ఆయప్ప గూడా నగుతాండె."

అది పొరపాటో పట్టుదలో నాకు తెలియదు. ఆ పాట వినిపించి ఆయన దగ్గరున్నది లాక్కున్నానో, తిరిగి ఇచ్చానో, అదీ తెలియదు. ఈ పొద్దున ఖాళీ బస్సులో ఫోను తీసి పాట పెట్టాను. కొత్త డ్రైవరు అద్దంలోంచి చూశాడు. రెండో చరణం దగ్గర పడుతుంటే చప్పట కొట్టడానికి చేతులెత్తాను. ఎప్పుడు కలపాలో తేల్చుకోలేకపోయాను.